ఎనుము వెంబడి బడికి

నా చిన్నప్పుడు మా ఇంట్లో బడి అన్న మాట ఎత్తడానికే భయపడేవాళ్ళం. నా చదువు గురించి కాదు, మా తమ్ముడి చదువు గురించి. వాడికి పుట్టుకతోనే వినపడదు. ఏడేళ్ళొచ్చినా ఇంట్లోనే ఉండేవాడు, పొద్దస్తమానం కొట్టంలో మా ఎనుము పక్కన. గేదెను మావైపు ఎనుమనే అంటాం. మా పల్లె నల్లమాడ దగ్గర. వానలు మొండికేసి వేరుశెనగ పంట వరసగా చేలోనే మాడిపోయిన రోజులవి. పేరుకు పెద్ద రైతులం, చేతిలో చిల్లిగవ్వ లేదు. మా నాయన కోపానికి మాత్రం ఏ కరువూ రాలేదు.

వినపడని పిల్లల కోసం దాతల సాయంతో నడిచే బడి ఒకటి కదిరి రోడ్డులో ఉండేది. అక్కడి టీచరమ్మ ఒకరోజు మా ఇంటికి వచ్చింది. పైసా కట్టనక్కర్లేదనీ, అక్కడే ఉంచుకుని తిండి పెట్టి చదువు చెబుతామనీ, వయసు పెరిగేకొద్దీ వాడికి నేర్పడం కష్టమవుతుందనీ ఎంతో ఓపికగా చెప్పింది. మా నాయన ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

"మా కొంపలో పుట్టినోడు ధర్మం కూడు తినల్లనా? మీరు ఊరూరా అడుక్కొచ్చిన దుడ్లతో నా కొడుకును సాకుతారా? పోమ్మా ఈడనుంచి. మళ్ళా ఈ గడప తొక్కొద్దు!"

ఆమె అంత ఎండలో బస్సు కోసం నడిచిపోతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. తమ్ముడికి ఆమె చేతులతో ఏవో సైగలు చేసి చూపించింది కాబోలు, వాడు సాయంత్రం దాకా కొట్టంలో ఒక్కడే నిలబడి అవే చేసుకుంటూ ఉన్నాడు.

మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, ఆ రోజు నోరు విప్పలేదు. అదే వింత. కొడుక్కు తగ్గ తల్లి, అరిచిందంటే వీధి చివరికి వినపడేది. మర్నాటి నుంచి మాత్రం పాలు పిండేటప్పుడల్లా తమ్ముణ్ణి లాక్కొచ్చి ఎనుము ముందర నిలబెట్టేది. దూడ చచ్చిపోయాక అది పాలు చేపడానికి, అంటే పొదుగులోకి వదలడానికి, మొరాయించేది. తవుడూ వేరుశెనగ చెక్కా కలిపిన కుడితి వాడి చేతే పెట్టించి, మెడ వాడి చేతే నిమిరించేది. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. ఎందుకని అడిగితే, "నీకెందుకే, నోర్మూసుకోని పోవే" అని కసిరేది.

ఆ మధ్యనే మాకు వరసకు పెద్దనాయన అయ్యే దాయాది ఒకాయన ఆ బడికి దానం చేశాడు. మా నాయనకూ ఆయనకూ గట్టు తగాదా, మొహాలు చూసుకునేవాళ్ళు కాదు. ఎలక్షన్లలో నిలబడాలని ఆయనకు ఆశ. పుట్టినరోజున జీపులో పోయి ఆ పిల్లలకు ఏమిచ్చి వచ్చాడనుకున్నారు? మైకు సెట్టు! దాని మీద రంగుతో తన పేరు కూడా రాయించాడు. పాపం, వినపడని పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, అదే మైకులో ఉపన్యాసం దంచి, ఫోటో దిగి వచ్చాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పూట జేజి అన్నం వడ్డిస్తూ, "వాడు మైకన్నా ఇచ్చినాడు. నువ్వేమిచ్చినావప్పా? ఇంటికొచ్చిన ఆడమనిషికి తిట్లిచ్చినావు" అంది.

నాయన కంచం తోసేసి లేచాడు. "మైకంట, మైకు! పాలిచ్చే ఎనుమునే ఇస్తా నేను. ఆ పిల్లోళ్ళు కడుపునిండా మజ్జిగన్నా తాగుతారు. పిలిపీ ఆ టీచరమ్మను!"

అంత కరువులో మా ఇంటికి మిగిలిన ఆస్తి ఆ ఎనుమొక్కటే. మా అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. రేపట్నుంచి పాలుండవని నాకూ ఏడుపొచ్చింది.

టీచరమ్మ బడి వంటామెను వెంటబెట్టుకుని వచ్చింది. చోద్యం చూడటానికి ఊళ్ళో సగం మంది చేరారు. జేజి ఆ పూట తమ్ముణ్ణి ఇంట్లోంచి కదలనివ్వలేదు. వంటామె చెంబు పట్టుకుని కూర్చుంటే ఎనుము చెంబును ఎగరదన్నింది. నాయన కూర్చుంటే ఆయన్నీ తన్నింది. జనం ఘొల్లున నవ్వారు, నాయన మొహం కందగడ్డయింది. అప్పుడు జేజి తాపీగా తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. వాడు కుడితి పెట్టి మెడ నిమిరాడు. జేజి కూర్చుని పిండితే చెంబు నిండింది.

"వీడు ఎదురుగ్గా లేకుంటే ఇది చేపదమ్మా" అంది ఊరంతా వినేటట్టు. "ఎనుమునిచ్చినాక మనిషినీ ఇయ్యల్ల గదా. మా వానికి ఎవురి ధర్మమూ వద్దు. మా ఎనుమును చూసుకుంటాడు, ఆడ్నే ఇంత తింటాడు. ఊరికే ఉన్నప్పుడు నాలుగు ముక్కలు చెప్పండి."

నాయన జేజిని కొరకొరా చూశాడు. నలుగురి ముందూ ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే ఆ దాయాది ఊరూరా చెప్పి నవ్వుతాడు. "తోలుకోని పోండి ఇద్దర్నీ!" అని అరిచి చేనివైపు వెళ్ళిపోయాడు. తమ్ముడు ట్రాక్టరు ట్రాలీలో ఎనుము తాడు పట్టుకుని బడికి పోయాడు.

కుడితి పెట్టే చెయ్యి ఎవరిదైనా నాలుగు రోజుల్లో ఆ ఎనుము అలవాటు పడుతుందని జేజికి తెలుసు. నాయనకూ తెలుసు. తల్లీకొడుకులు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, అసలు మాట్లాడుకోవడమే మానేశారు. కానీ నెల తిరిగేసరికి నాయన ఎనుము మేతకని వేరుశెనగ కట్టె మోపు కట్టి బస్సు మీద వేసుకుని బయలుదేరాడు. "నా ఎనుమును పస్తులు పెడతాండారేమో చూసొస్తా" అన్నాడు. అక్కడ కొట్టం ఊడ్చలేదనీ, తొట్టిలో పాచి పట్టిందనీ అందరితో పోట్లాడి వచ్చాడు. నెలనెలా అదే తంతు. ఆ బడిని అంతగా తిట్టిన దాత ఇంకొకడు ఉండడు. ఇంటికొచ్చి ఎనుము సంగతులు చెప్పేవాడు గానీ, కొడుకును చూసొచ్చానని ఒక్కనాడూ అనలేదు.

మరుసటి ఏడు ఎనుము ఒట్టిపోయింది. టీచరమ్మ నాయనను అడిగి దాన్ని అమ్మేసి, పిల్లల చెవి మిషన్లకు సెల్లులు కొన్నది. ఆ నెల నాయన మోపు కట్టబోయి ఆగిపోయాడు. తాడు చేతిలో పట్టుకుని వాకిట్లో చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి, అన్నాళ్ళుగా పలకరించని తల్లి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడేం తీసుకోని పోవల్లమ్మా?"

జేజి శెనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండానే చెప్పింది. "ఒట్టి చేతులతో పో. నీ కొడుకే గదా."

నన్నూ తీసుకుపోయాడు. తమ్ముడు గేటు దాకా పరిగెత్తుకొచ్చి, అలవాటుగా మోపు కోసం చూశాడు. మోపు లేదు. వాడు నాయన ఖాళీ చేతినే పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. ఆ రోజు మా నాయన ఆ బడిలో ఎవరినీ తిట్టలేదు.

ఆ పిల్లలకు ఏమిస్తే బాగుంటుందని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, మీరే పోయి టీచర్లను అడగండి అంటాను. పేరు రాయిస్తారా అని అడిగితే మాత్రం జేజి నోరు నాకు వచ్చేస్తుంది. ఇక నా సంగతంటారా, నాయన రక్తం ఎక్కడికి పోతుంది? ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చి మళ్ళీ వాళ్ళ గడప తొక్కాలంటే, చేతిలో ఏదో ఒకటి లేనిదే కాలు కదలదు. ఏం పట్టుకుపోవాలా అని ఇల్లంతా వెతుక్కుంటూ ఉంటే, శెనక్కాయలు ఒలుస్తూ జేజి కసిరినట్టే ఉంటుంది. సంచీ అక్కడే పడేసి బయలుదేరతాను.