పద్నాలుగు అని ముందే చెప్పిన గొంతు

దెయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. రోజంతా లైట్లు తగ్గించిన గదిలో కూర్చుని మనుషుల గుండెలు చూసే మనిషిని. అలాంటివి నమ్మితే రెండో రోజే ఉద్యోగం మానేసేదాన్ని. జూబ్లీహిల్స్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో పదకొండేళ్లుగా ఎకో తీస్తున్నాను. నా పనితనం మీద నాకు గర్వం ఉంది, దాచుకోను.

ఎకో అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్. గుండె ఎంత రక్తం పంపుతోందో అందరూ చూస్తారు. నేను ఇంకొకటి కూడా చూస్తాను. తెర మీద గుండె కండలో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అవి ఎంత దగ్గరికి జరుగుతున్నాయో మెషీన్ పట్టుకుంటుంది. కండ నూటికి ఎన్ని పాళ్లు కుదించుకుంటోందో దాన్నిబట్టి తెలుస్తుంది. పంపింగ్ బాగానే ఉన్నా లోపల కండ అలసిపోతుంటే ముందుగా బయటపెట్టేది ఈ కొలతే. కాకపోతే కండ అంచును సరిగ్గా గీయాల్సింది మనిషే.

శారదగారు ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ ఆర్టిస్టు. సినిమాల్లో సగం మంది తల్లులు ఆవిడ గొంతుతోనే ఏడుస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు మందులు వాడుతున్నారు. ఆ మందులు గుండెను దెబ్బతీయొచ్చు కాబట్టి మూడు నెలలకోసారి నా దగ్గరికి వచ్చేవారు. కండ కొలత ఎప్పుడూ ఇరవై దగ్గరే, అంటే బాగానే ఉండేది.

పోయినేడాది ఒక సోమవారం, గడువుకు నెల ముందే, పదకొండింటికి హడావిడిగా వచ్చేశారు.

“పొద్దున నువ్వేగా అమ్మా ఫోన్ చేశావు? ఇరవై కాస్తా పద్నాలుగయిందన్నావు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు,” అన్నారు.

నేను చేయలేదన్నాను. ఆవిడ ఫోన్ తీసి చూపించారు. తొమ్మిదీ నలభైకి మా సెంటర్ నంబర్ నుంచే కాల్ వచ్చింది. ఆ సమయానికి నేను చెక్‌పోస్ట్ దగ్గర బస్సులో ఇరుక్కుని ఉన్నాను. రిసెప్షన్‌లో అమ్మాయి తను చేయలేదంది, ఇంకెవరూ ఆ ఫోన్ ముట్టుకోలేదంది.

ఎవరో ఆటపట్టించి ఉంటారంటే ఆవిడకు కోపం వచ్చింది. “ముప్పై ఏళ్లుగా గొంతులతోనే బతుకుతున్నాను. నీ గొంతు నాకు తెలియదా?”

ఎలాగూ వచ్చారు కదా అని పడుకోబెట్టి ఎకో తీశాను. పంపింగ్ మామూలుగానే ఉంది. కండ అంచు గీసి మీట నొక్కాను. పద్నాలుగు.

వెంటనే అనుమానం వచ్చింది, అది నా మీదే. పద్నాలుగు అని చెవిన పడ్డాక, నా చెయ్యి దానికి తగ్గట్టు గీసిందేమో? అదే నిజమైతే, లేని జబ్బుకు భయపడి డాక్టర్లు ఆవిడ క్యాన్సర్ మందు ఆపేస్తారు.

పక్క గదిలో ఎకో తీసే సునీతను బయట వరండాలోకి పిలిచాను.

“జర నువ్వు మళ్లా మొదటి నుంచి తియ్యి. పాత రిపోర్ట్ చూడకు. నంబర్ నోటితోని చెప్పకు, కాయితం మీద రాయి.”

“ఏందక్కా, ఎన్నడు లేంది గింత పరేషాన్ అయితున్నవ్?” అంది గానీ, లోపలికి వెళ్లి తీసింది. కాగితం విప్పి చూశాను. పద్నాలుగే.

మా కార్డియాలజిస్ట్ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశారు. క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి, ఆ రోజే గుండెకు మందులు మొదలుపెట్టారు. “ఇంకో నెల ఆగితే పంపింగ్ కూడా పడిపోయేదేమో. భలే పట్టావమ్మా,” అన్నారు. ఆ మాట ఇంటికెళ్లి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

నాలుగు నెలలకు కొలత పద్దెనిమిదికి వచ్చింది. శారదగారు మళ్లీ మైకు ముందు నిలబడ్డారు. ఆ రిపోర్ట్ ఇచ్చిన రోజే అడిగాను, ఫోన్‌లో నేనెలా మాట్లాడానో ఒక్కసారి చేసి చూపించమని. ఆవిడ కళ్లు మూసుకుని, గొంతు సవరించుకున్నారు.

“ఇరవై ఉండె, పద్నాలుగైందమ్మా. ఫికర్ చేయకుండ్రి. జర జల్ది రాండ్రి.”

అచ్చం నా గొంతు. అదీ నేను ఇంట్లో మాట్లాడే గొంతు. పేషెంట్ల ముందు ‘రండి, కూర్చోండి’ అనే మాట్లాడతాను, ఆ యాస ఒక్కనాడూ నా నోట రాలేదు. ఆ రోజు సునీతతో మాట్లాడింది కూడా తలుపు వేశాక, బయటే.

ఆ ఫోన్ చేసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఎవరైతేనేం, నా గొంతుతో తప్పు లెక్క మాత్రం చెప్పలేదు.