జీతంలో తరుగు

“ఇరవై రెండు వేలని చెప్పి ఇరవై వేలేశారు అమ్మమ్మా! పీఎఫ్ అంట పద్దెనిమిదొందలు, వృత్తి పన్నంట రెండొందలు. నేను మానేస్తున్నా. సెల్ షాపాయన ఇరవయ్యొక్క వేలు చేతిలో పెడతానన్నాడు, రూపాయి పట్టుకోకుండా.”

“మానేస్తావా? నోరు ముయ్యి. పొయ్యి మీద పాలున్నాయి, చూడు.”

“నీకేం నొప్పి? నీదా జీతం?”

“నాదైతే ఇంత అల్లరి చేసేదాన్ని కాదే!” అన్నాను మనవరాలితో. అది అబద్ధం. నాదైనప్పుడు ఇంతకు పదింతలు చేశాను.

ఆ రోజుల్లో మాకు చేతిలో పడిందే డబ్బు, తక్కినదంతా మాట. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని (నేను మానలేదు, మిరప కోతలు మాన్పించాయి) పంతొమ్మిదో ఏట నూలు మిల్లులో చేరాను. మొదటి నెలే పీఎఫ్ అంటూ జీతం తగ్గించి ఇచ్చారు. నేను మిర్చి యార్డు చూస్తూ పెరిగినదాన్ని. మా నాన్న బస్తాలు దింపితే వ్యాపారి కాయ నలిపి చూసి, తేమ ఉందనీ తాలుందనీ బస్తాకింత తరుగు తీసేవాడు. మా నాన్న అరిచేవాడు. అరిస్తే సగం తగ్గేది. తరుగంటే అరిచి తగ్గించుకునేదని నాకు తెలిసిన చదువు. అందుకని గుమాస్తా గారి కిటికీ ముందు నిలబడి, “నా పనిలో తేమెంతుందండీ? తాలెంతుంది? చూపించి తియ్యండి!” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “తరుగు కాదమ్మా, నీ పేరునే దాస్తారు, కంపెనీ కూడా కొంత వేస్తుంది” అన్నాడు. “దాచుకోడానికి నాకు చెంగు లేదా?” అన్నాను. వెనక వరసంతా నవ్వింది. నా పక్క మిషను మీద పనిచేసే బక్కక్క మాత్రం జబ్బ పట్టుకుని లాగింది. “రావే తల్లీ, బస్సు పోద్ది.”

నాలుగు నెలలు, నాలుగు సార్లు అరిచాను. పైసా తగ్గలేదు. విసిగిపోయి మిల్లు మానేసి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయాను. సాయంత్రానికల్లా కూలి చేతిలో పడేది, ఎవరూ ఏమీ పట్టుకునేవారు కాదు. వానలొస్తే పట్టుకోడానికి కూలే ఉండేది కాదు.

రెండు నెలల తర్వాత గుమాస్తా గారు పిలిచి సంతకం పెట్టించుకుని నా పీఎఫ్ డబ్బిచ్చారు. లెక్కపెడితే, నా దగ్గర పట్టుకున్నదానికి ఇంచుమించు రెట్టింపు. పెద్దాయన పొరబడ్డాడనుకున్నాను. గుర్తొచ్చి వెనక్కి పిలుస్తాడేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని సందు మలుపు దాకా పరుగు. ఆ డబ్బుతో స్టీలు బిందె కొన్నాను. (అది లాక్కుంటారేమోనని ఏడాది పాటు మిల్లు ఛాయలకే పోలేదు.)

బక్కక్క ముసలిదయ్యేదాకా అక్కడే పనిచేసింది. ఇప్పుడు దానికి ఆ పీఎఫ్ లోంచే నెలనెలా పింఛను పడుతుంది. గొప్ప మొత్తమేం కాదు. కానీ దాని మాత్రలు అదే కొనుక్కుంటుంది, వస్తూ నాకు అరడజను అరటిపళ్ళు తెస్తుంది. ఆ పళ్ళు నాకు చేదుగా ఉంటాయి. అయినా తింటాను, పారెయ్యలేను కదా.

ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. లెక్కల మనిషినని ఇంట్లో నాకున్న పేరు అలాంటిది. నిన్న మాత్రం మనవరాలికి చెప్పేశాను. దాచడానికి ఇక ఓపిక లేదు. అది పడీపడీ నవ్వింది. పాలు పొంగిపోయాయి.

“ఆ బిందె ఇదేనా అమ్మమ్మా?”

“ఇదే. నవ్వింది చాలు. కంపెనీ వేసే వాటా ఆ షాపాయన వేస్తాడేమో అడిగావా?”

“నువ్వు అడిగావా అప్పుడు?”

“అడిగే తెలివుంటే బిందెతో ఎందుకు మిగులుతానే?”

అది నవ్వడం ఆపింది. పొయ్యి తుడిచి పోయి పడుకుంది.

పొద్దున ఏడింటికి క్యారియరు పట్టుకుని ఆఫీసు బస్సెక్కింది. నేను బిందె తోముకుని పంపు దగ్గరికి పోయాను. అడుగున సొట్ట పడింది గానీ, ఇప్పటికీ కారదు.