ఖాళీ సీటు, కిందికి దిగిన బ్రేకు

మనుషులు చచ్చిపోయిన కార్లు కూడా మా షెడ్డుకు వస్తుంటాయి. రక్తం మరకలున్న సీట్లు నేనే విప్పాను. అలాంటి కారులో వెనక సీటు మీద మధ్యాహ్నం కునుకు తీసిన రోజులూ ఉన్నాయి. ఏనాడూ ఏమీ కాలేదు. దయ్యం మాట ఎత్తినవాణ్ణి నవ్వి పంపేవాణ్ణి. నేనెలాంటివాణ్ణో ముందే తెలియాలని ఇదంతా చెబుతున్నాను.

మాచర్లలో సాగర్ రోడ్డు వైపు మా షెడ్డు. వెనకే ఇల్లు. రాసేది నా గురించి కాదు, నా భార్య సువార్త గురించి. ఆమె నిజం చెప్పింది. నేను నలుగురిలో అబద్ధం చేశాను. ఇప్పుడు సరిదిద్దుకోవాలి.

పోయిన వేసవిలో గురజాల నుంచి ఒక మాస్టారు కారు తెచ్చాడు. బ్రేకు మెత్తగా ఉంది. తొక్కి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతోంది. రెండు మూడుసార్లు వెంటవెంటనే కొడితే మళ్లీ పైకి వస్తోంది. మర్నాడు పిల్లలతో శ్రీశైలం ఘాటు రోడ్డు ఎక్కాలి అన్నాడు.

నాలుగు చక్రాలూ విప్పి చూశాను. ఎక్కడా తడి లేదు. బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గలేదు. బయటికి కారకుండా పెడల్ జారుతోందంటే, ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినట్టే. ఆయిల్ ముందుకు పోకుండా రబ్బరు పక్కనుంచి వెనక్కి జారుకుంటుంది. సిలిండర్ కొత్తది వేశాను. ఇక గాలి తీయాలి.

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, నిపుల్, విప్పాలి. గాలి బుడగలతో ఆయిల్ పైపులోంచి సీసాలోకి వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. కింద ఉన్నవాడికి పైవాడు కనపడడు. అందుకే కేక వేసుకుంటాం.

చాలా ఏళ్లు నాకు పెడల్ తొక్కింది షెడ్డులో నాతో పనిచేసిన యాకోబు మామ. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయింది. నేను "తొక్కు" అంటే తొక్కి, డోరు రేకు మీద వేళ్లతో రెండుసార్లు కొట్టేవాడు. పట్టుకున్నానని గుర్తు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ పని సువార్త నేర్చుకుంది. ఆమె మాత్రం నోటితోనే "తొక్కా బావా" అనేది.

ఆ సాయంత్రం వెనక ఒక చక్రం అయింది. రెండోదాని కిందికి జరిగాను. కంప్రెసర్ మోతలో ఆమె ఏదో అన్నది నాకు వినపడలేదు. మోత ఆగాక "తొక్కు" అన్నాను.

డోరు మీద రెండు దెబ్బలు.

నిపుల్ విప్పాను. ఆయిల్ బుసబుసా బుడగలతో వచ్చింది. బిగించి "వదులు" అన్నాను. మళ్లీ "తొక్కు." మళ్లీ రెండు దెబ్బలు. ఏళ్ల తరబడి విన్న చప్పుడు, అందుకే తేడా తోచలేదు. పని ఎంత బాగా సాగుతోందో! నేను అన్న క్షణంలో తొక్కుడు, అన్న క్షణంలో వదలడం. బుడగలు పోయి పైపులో ఆయిల్ అద్దంలా వస్తోంది. నాకు హుషారెక్కింది.

అప్పుడు నా తల పక్కన రెండు పాదాలు ఆగాయి. సువార్త మెట్టెలు. చేతిలో టీ గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.

"బావా, కార్లో ఎవురున్నారు?" అంది, గొంతు తగ్గించి.

"నువ్వేగా."

"నేను పాలు పొంగుతున్నయ్యని చెప్పే పోయాగా. ఇప్పుడే వస్తన్నా."

అవతలి వైపు డోరు మీద మళ్లీ రెండు దెబ్బలు పడ్డాయి. భయమో అలవాటో, నా చెయ్యి నిపుల్ విప్పేసింది. ఆయిల్ సర్రున కొట్టింది. బిగించి, లేచి పరిగెత్తాను. ఆమె నా వెనకే.

సీటు ఖాళీ. డోరు తెరిచే ఉంది. పెడల్ అడుగు వరకు దిగి అలాగే నిలిచి ఉంది.

నా నోరు దానంతటదే "వదులు" అంది. పెడల్ పైకి లేచింది.

మెకానిక్కుగా నాకు తెలిసినదంతా తిరగేశాను. ఇంజను ఆపి ఉంది, కాబట్టి బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ పెడల్‌ని లాగడానికి లేదు. తొక్కకపోతే ఆయిల్ బొట్లుబొట్లుగా కారుతుంది తప్ప అలా చిమ్మదు. పెడల్‌కు స్ప్రింగు ఉంది, బరువు లేకుండా కింద నిలవదు.

ముందు చక్రాలకు సువార్తే తొక్కింది. తర్వాత సాగర్ రోడ్డు మీద వేగంగా తోలి బ్రేకు కొట్టాను. ఏం బ్రేకు! కాలి కింద రాయిలా గట్టిగా, బండి గీత గీసినట్టు ఆగింది. పక్కనున్న సువార్త నవ్వింది, ఏడ్చింది. మాస్టారు ఘాటు దిగి వచ్చి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ సువార్త లేచింది. ఉన్నదున్నట్టు చెప్పింది. "మేం చూశాం. దేవుడే సాయం పంపాడు," అంది. మగాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి. మా వీధి కారు ఓనరు ఒకడు నా డొక్కలో పొడిచి, "ఒరేయ్, నా బండి మాత్రం మీ దయ్యంతో తొక్కించమాక," అన్నాడు.

షెడ్డు మూతపడుతుందని భయపడ్డాను. లేచి నిలబడి, "తొక్కింది తనేనండీ. ఎండదెబ్బకి ఏందో అనుకుంటంది," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నా వైపు చూడలేదు. కొంగు సర్దుకుని కూర్చుంది.

మళ్లీ ఏ ఆదివారమూ సాక్ష్యానికి లేవలేదు. పెడల్ తొక్కడానికి ఇప్పటికీ వస్తుంది. కానీ "తొక్కా బావా" అనదు. డోరు మీద రెండుసార్లు కొడుతుంది. కింద పడుకుని అది విన్నప్పుడల్లా నేను తల వంచి ఆమె పాదాలు కారు బయట కనపడతాయేమోనని వెతుక్కుంటాను.

ఈ ఆదివారం నేను లేచి చెబుతాను. ముందుగా ఇది రాస్తున్నానని నిన్న ఆమెతో అన్నాను.

"రాయి. ఆ రెండో చక్రానికి నేను తొక్కినట్టు మాత్రం రాయమాక," అంది.

రాయలేదు. ఆమె తొక్కలేదు. ఎవరు తొక్కారో నాకు ఇప్పటికీ తెలియదు.