సముద్రం ఒడ్డున బాపమ్మ పుల్ల

ఆ రోజుల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. దాంతోపాటు లోకం చూసేశానన్న ధీమా కూడా వచ్చింది (అప్పటికి నేను చూసిన లోకం చేవెళ్ల బస్టాండు నుంచి మెహిదీపట్నం దాకా). ఒక్కసారైనా సముద్రంలో మునగాలని మా బాపమ్మకు, అంటే నాయనమ్మకు, ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆమెనూ, ఆమె కొడుకైన మా బాపునూ వెంటబెట్టుకుని సూర్యలంక బయల్దేరాను. సరుగుడు తోపులో షికారు, ఇసుకలో విశ్రాంతి అని నేను ఊరిస్తుంటే బాపు, "పనేం లేకున్న నడుసుడెందుకురా?" అన్నాడు.

మాది మొయినాబాద్ పక్కన చిన్న మంగళారం. చెరువు నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమిలో దోసతీగలు పెట్టుకుని బతికిన కుటుంబం. అందుకే బాపమ్మ ఏ నీళ్లనూ ఊరికే నమ్మదు. సాయంత్రం ఒడ్డు చేరగానే ఒక సరుగుడు పుల్ల తెచ్చి, నీటి అంచున పాతి, దూరంగా కూర్చుని దాన్నే చూసింది. కాసేపటికి పుల్ల సగం మునిగింది.

"నీళ్లు ఎక్కుతున్నయి బిడ్డా. పైన యాడనో వాన పడ్డది. లెవ్వు, పోదాం."

"ఇది చెరువు కాదు బాపమ్మా. సముద్రం రోజూ గిట్లనే ఎక్కి దిగుతది" అన్నాను.

"దిగినంక చెప్పు" అని కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బసకు నడిచింది. (ఆటుపోట్ల గురించి దారంతా నేను చెప్పిన పాఠం మా వెంట వచ్చిన కుక్క తప్ప ఎవరూ వినలేదు.)

మర్నాడు మధ్యాహ్నమే తిరుగు రైలు. ఇంత దూరం వచ్చి ఆమె కాలైనా తడవకుండా పోతుందేమోనని నాకు ఒకటే బెంగ. పొద్దెక్కాక బాపమ్మ మళ్లీ పుల్ల పాతింది. చదువుకున్నవాణ్ని కదా, నేను లోలోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అలలు మెల్లగా వెనక్కి జరిగాయి, పుల్ల చుట్టూ ఇసుక తేలింది. ఆమె మొహం వెలిగింది.

"తూము తీసిండ్రు. శిఖం మంచిగ తేలింది, జర దోసగింజలు తెచ్చుకుంటె అయిపోతుండె" అంటూ నా చెయ్యి పట్టుకుని దిగి, నిండా మునిగింది. లేస్తూనే నోట్లో నీళ్లు ఉమ్మేసి, "గింజలు తేకపోవుడే మంచిగైంది" అంది. బాపు అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

బాపమ్మ ఇప్పుడు లేదు. మొన్న మా పిల్లలను సముద్రానికి తీసుకెళ్లాను. వాళ్లు నీళ్లలోకి ఉరకబోతుంటే ఆగమని, నేను ఒడ్డంతా పుల్ల కోసం వెతికాను. లోకం చూసేసిన ఆ కుర్రవాడు అక్కడ ఉంటే నన్ను చూసి పడీపడీ నవ్వేవాడు.

"పుల్ల ఎందుకు డాడీ?" అన్నారు పిల్లలు.

"నీళ్లు దిగినంక చెప్త" అన్నాను.