షంషున్నీసా పట్టుకున్న తప్పు

మా కాలేజీ లైబ్రేరియన్ షంషున్నీసా ఏదైనా అడిగిందంటే ఇవ్వకుండా తప్పించుకున్న లెక్చరర్ నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఆలేరులో పుష్‌పుల్ రైలు ఎక్కి భువనగిరిలో దిగి, మా అందరికన్నా ముందే వచ్చి తలుపులు తీస్తుంది. ఆమె బల్ల పక్కన ఒక బీరువా, దానిమీద తను రాసి అంటించిన చీటీ: 'మనోళ్లు రాసినవి'. కాలేజీలో ఎవరు ఏం అచ్చు వేయించుకున్నా ఒక ప్రతి అందులో పడాల్సిందే. చెల్లెలి పెళ్లికి పద్యాలు రాసి పంచిన కామర్స్ మాస్టారిని కూడా వదల్లేదు.

2016లో నా పరిశోధన వ్యాసం ఒక విదేశీ పత్రికలో వచ్చింది. నేను బోటనీ చెబుతాను, సొంతూరు తెనాలి దగ్గర. ప్రమోషన్ రావాలంటే పేరున్న పత్రికలో వ్యాసం ఉండాలన్నారు. అందుకని ఆలేరు చుట్టుపక్కల గొర్రెల మందల వెంట రెండేళ్లు తిరిగాను. గొర్రెల కడుపులో పురుగులకు లచ్చయ్య అనే పెద్దాయన ఒక వేరు నూరి తాగించేవాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకుని, దాన్ని ఇంగ్లీషులో వ్యాసం చేశాను. అచ్చయిన రోజు స్టాఫ్ రూములో మిఠాయి పంచాను. మిఠాయి నోట్లో వేసుకుని షంషున్నీసా చెయ్యి చాపింది.

"కాపీ ఏది సార్?"

చందా కట్టిన సంస్థలకే ఆ పత్రికలోని వ్యాసాలు తెరుచుకుంటాయి. మా కాలేజీకి చందా లేదు. బయటివాళ్లకు పైన నాలుగు వాక్యాల సారాంశం మాత్రం కనిపిస్తుంది. హక్కులన్నీ పత్రికకే రాసిచ్చానని చెప్పాను.

"అంటే ఇల్లు మీరు కట్టి, తాళంచెవి పరాయోళ్లకిచ్చి, మీరు అరుగు మీద కూసున్నరన్నట్టు," అంది.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పుస్తకాలు సర్దుకునే మనిషికి పరిశోధన సంగతేం తెలుసులే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆరేళ్లు గడిచాయి. లచ్చయ్య పోయాడు. ఒక మధ్యాహ్నం ఆయన కూతురు సోమమ్మ లైబ్రరీకి వచ్చి నన్ను పిలిపించింది. మంద ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. వేరు నూరడం ఆమెకు వచ్చు కానీ, తాగించే పని మాత్రం తండ్రి ఎప్పుడూ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. షాద్‌నగర్‌లో కంపెనీ పని చేసే ఆమె తమ్ముడు ఎల్లేష్ నెట్‌లో నా సారాంశం చూసి, ఫోన్‌తోనే తెలుగు చేయించి అక్కకు పంపాడు. ఆమె తన ఫోన్ నా ముందు పెట్టింది.

"గిందుల ఒక్క దినం తాపాలె అని ఉన్నది సార్. గట్లనే తాపిన. ఒక్క గొర్రెకు గూడ పనిచేయలే. లచ్చయ్యవన్నీ ఉత్త మాటలే అని మంది నవ్వుతుండ్రు. గాళ్లంత నలభై ఏండ్లు మా బాపును నమ్మినోళ్లే. మా బాపు అబద్ధం చెప్పిండా సార్?"

వ్యాసమంతా చూస్తే ఇంకేమైనా దొరుకుతుందేమోనని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెరుచుకోలేదు. రాసింది నేనేనయ్యా అని దానికి ఎవరు చెబుతారు? నా దగ్గరున్న కాపీ పాత ల్యాప్‌టాప్‌తో పాటే పోయింది.

షంషున్నీసా ఆఫీసుకు వెళ్లి నా ప్రమోషన్ ఫైలు పట్టుకొచ్చింది. అందులో నేను పత్రికకు పంపిన టైపు ప్రతి ఉంది, సంతకం చేసిన ఒప్పందమూ ఉంది. నేను చదవకుండా సంతకం పెట్టిన ఆ ఒప్పందాన్ని ఆమె నిలబడే చివరిదాకా చదివింది.

"సంవత్సరం దాటినంక మీ టైపు కాపీని కాలేజీ వెబ్‌సైట్ల ఎవ్వరైనా చదివేటట్టు పెట్టుకోవచ్చని రాసిచ్చిండ్రు గద సార్. ఐదేండ్ల సంది మీ చేతుల ఉన్న పనే."

సోమమ్మకు తెలుగులో చెబుదామని షంషున్నీసా టైపు ప్రతి పక్కన, ఆ ఫైల్లోనే ఉన్న నా పాత నోటుబుక్కు పరుచుకుంది. ఒక వరుస దగ్గర వేలు ఆగింది. నోటుబుక్కులో లచ్చయ్య మాట: 'గొర్లను ఒక్కపొద్దు పెట్టి తాపాలె.' టైపు ప్రతిలో ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చి, దానికి నేను రాసిన అర్థం: ఒక రోజు తాగించాలి.

"ఒక్కపొద్దంటే ఏందనుకున్నరు సార్?"

"ఒక రోజు అని."

సోమమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రంజాన్ వచ్చిందంటే మా వాడకట్టు పెద్దమ్మలు నన్ను 'ఒక్కపొద్దున్నవా బిడ్డా' అని అడుగుతరు సార్. ఉపాసమున్నవా అని. గొర్లను మేతకు ఇడవకుండ, కడుపు ఖాళీగ ఉంచి తాపాలె అన్నడు గా పెద్దమనిషి."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. రెండేళ్లు వాళ్ల మధ్య తిరిగి, వాళ్ల గంజి తాగి, ఆ మాటకు అర్థం ఒక్కసారి కూడా అడగలేదు. వ్యాసాన్ని పరీక్షించిన ఇద్దరు విదేశీ నిపుణులకు ఒక్కపొద్దు తెలియదు. తెలిసినవాళ్లకేమో వ్యాసం తెరుచుకోదు. వాళ్లలో ఒక్కరు చదివినా ఆ తప్పు ఆరు రోజులు కూడా బతికేది కాదు.

"గుట్టుగా ఆ వాక్యం దిద్ది వెబ్‌సైట్‌లో పెట్టేద్దాం," అన్నాను.

"గుట్టుగ దిద్దితే నవ్వినోళ్లు నవ్వినట్టే ఉంటరు సార్. లచ్చయ్య సరిగనే చెప్పిండు, నేనే తప్పు రాసిన అని మీ పేరు మీద రాయిండ్రి," అంది షంషున్నీసా.

కోపం వచ్చింది. పిల్లల ముందు, ప్రిన్సిపాల్ ముందు నా పరువేం కావాలి? అదే అడిగాను. షంషున్నీసా తెల్ల కాగితం నా వైపు జరిపింది. సోమమ్మ బతిమాలలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. తండ్రి మాట నిలుస్తుందో పోతుందో నా కలం మీద ఉందని ఆ చూపులో తెలిసింది. రాశాను.

ఆ వారమే కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టాం. ముందు తెలుగులో నా తప్పొప్పుకోలు, దాని కింద దిద్దిన వ్యాసం. పత్రికలో పేరు లేకుండా 'మూడవ సమాచారదాత'గా మిగిలిన మనిషికి ఇక్కడ లచ్చయ్య అని పేరు పెట్టాం. సవరణ వేయమని పత్రికకూ రాశాను, చూస్తామన్నారు.

పది రోజులకు సోమమ్మ మళ్లీ వచ్చింది. గొర్రెలను ఒక్కపొద్దు పెట్టి తాగించిందట. మందు పనిచేసింది. షంషున్నీసా ఆ తెలుగు పేజీ పైకి చదివి వినిపించింది. తండ్రి పేరు దగ్గర సోమమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"గా తప్పుదాన్ని ఎందరు సూసిండ్రు సార్?"

పత్రిక పేజీలో అంకె ఉంది. "నాలుగు వేల పైనే."

"మరి గిది?"

"పదకొండు మంది."

ఆమె ఆ తెలుగు పేజీకి పది జిరాక్సులు తీయించుకుంది. వాటిని కొంగులో చుట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"ఆలేరు నేను సూసుకుంట. మిగతా దునియ మీరు సూసుకోండ్రి సార్."