పెద్దాయన చెయ్యెత్తిన రోజు

పెద్దాయనకు చొక్కా తొడగడం అంత తేలికైన పని కాదు. ఎదురుగా వెళ్తే కొడతాడు, పక్కనుంచి వెళ్తే ఉలిక్కిపడతాడు. వెనకాల నిలబడి, కుడి భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా "ఏదీ, చెయ్యి" అనాలి. అప్పుడు చిన్నపిల్లాడిలా చెయ్యి పైకెత్తుతాడు. ఆ క్షణంలోనే చొక్కా చెయ్యి ఎక్కించెయ్యాలి. ఈ ఒడుపు కనిపెట్టింది ఆయమ్మే. ఆమెకంటే ముందు వచ్చిన నర్సులు ముంజేతుల మీద గోళ్ళ గాట్లతో పారిపోయారు.

అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలిచేవారు. యాభై దాటిన మనిషి, గట్టి మనిషి. ఆసుపత్రి వార్డుల్లో మంచాన పడ్డవాళ్ళకు సేవచేస్తూ బతుకు వెళ్ళదీసింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. నా అన్నవాడు ఒక్క తమ్ముడే. చిన్నతనంలో జ్వరం మెదడుకెక్కింది వాడికి. ఒళ్ళు ద్వారబంధమంత పెరిగింది కానీ బుద్ధి అయిదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ప్రభుత్వ శరణాలయంలో, తనలాంటి వాళ్ళ మధ్య, తువ్వాళ్ళు మడతపెట్టుకుంటూ నిమ్మళంగా ఉండేవాడు. ఆదివారం వస్తే ఆమె వెళ్ళి, తల దువ్వి, గోళ్ళు తీసి, వాడు మడతపెట్టిన తువ్వాళ్ళను మెచ్చుకుని వచ్చేది.

తమ్ముడిలాగే పెద్దాయన కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాడు. వయసులో ఆమెకు తండ్రిలాంటివాడు. తల్లి లేని ఆయన్ని చిన్నప్పుడు పెంచింది అక్కేనట. ఇప్పుడు భార్యా లేదు, పిల్లలూ లేరు, చివరికి జ్ఞాపకమూ లేదు. అద్దంలో తన ముఖం చూసుకుని "ఎవరో వచ్చారు, కుర్చీ వెయ్యండి" అనేవాడు. అటువంటి మనిషి, దేశానికి చట్టాలు చేసే సభలో అందరికంటే సీనియర్ సభ్యుడు.

ఆ సంగతి బయటికి పొక్కకుండా చూసుకునేది ఆయన మేనల్లుడు. మామయ్యకు కార్యదర్శి అతనే. సభ ఉన్న రోజున పెద్దాయనకు సూటు వేయించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వెనకాల ఆయమ్మను పెట్టి తీసుకెళ్ళేవాడు. "గొంతు బాగోలేదు, డాక్టరు మాట్లాడొద్దన్నాడు" అని దారిపొడుగునా చెప్పుకుంటూ పోయేవాడు. మొన్నటి ఎన్నికల్లో పెద్దాయన పాత ఫొటోతోనే గెలిచాడు. గడప దాటింది లేదు.

ఈ తతంగమంతా ఎందుకో మొదట్లో ఆయమ్మకు అర్థం కాలేదు. సభాభవనంలో లిఫ్టు నడిపే ఆయన కాస్త కబుర్ల మనిషి. ఒకరోజు ఖాళీ లిఫ్టులో అడిగింది.

"మతి లేని మనిషిని ఇలా ఎందుకు తిప్పుతున్నారంటావ్? ఇంట్లో హాయిగా పడుకోబెట్టచ్చుగా!"

"పడుకోబెడితే వరుస పోదూ?" అన్నాడు లిఫ్టాయన. "ఇక్కడ వయసు కాదు ఆయమ్మా లెక్క. తెగకుండా ఎన్నేళ్ళుగా ఉన్నారన్నదే లెక్క. మహామహా వాడైనా సరే, ఒక్కసారి ఓడిపోయి మళ్ళీ గెలిచొచ్చాడనుకో, కొత్త పెళ్ళికూతురే. తలుపు పక్క కుర్చీ నుంచి మళ్ళీ మొదలు."

"ఒకేరోజు వచ్చినవాళ్ళుంటేనో?"

"ముందు మంత్రిగా చేసినవాళ్ళెవరో చూస్తారు. అలా కూడా తేలకపోతే చీటీలే. మీ పెద్దాయనా, వరుసలో ఆయన వెనకున్న రెండో ఆయనా ఒకేరోజు ప్రమాణం చేశారు. చీటీలు వేస్తే మీ పెద్దాయనకు ఒకటొచ్చింది, ఆయనకు రెండొచ్చింది. ఇక అంతే. కుర్రాడిగా వచ్చినవాడు, జుట్టంతా ఊడిపోయినా రెండోవాడే. క్యాంటీన్లో కూడా ఆయన కాఫీ రెండోసారి అడిగితే గానీ రాదని మావాళ్ళ వేళాకోళం."

"మొదటాయనకు అంత ఒరిగేదేముంది?"

"ఏముండదో అడుగు. ముందు గది, ముందు కుర్చీ, ముందు మాట. ఈ లిఫ్టు కూడా ముందు ఆయనకే. అన్నిటికంటే పెద్దది ఖర్చుల కమిటీ. సీనియర్ ఎవరైతే వాళ్ళే దానికి అధ్యక్షులు. ఏ ఆసుపత్రి నడవాలి, ఏ బడి మూతపడాలి అనేది తేలేది ఆ గదిలోనే. ఓట్లు చెరిసగమైతే అధ్యక్షుడు ఎటంటే అటు. మీ పెద్దాయన మంచం ఎక్కితే ఆ కుర్చీ రెండో ఆయనది. అప్పుడు మేనల్లుడి ముఖం చూసేదెవరు?"

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె చొక్కా తొడుగుతుంటే మేనల్లుడు గుమ్మంలో నిలబడి చూశాడు. పెద్దాయన చెయ్యి ఎత్తడం, ఆమె చొక్కా ఎక్కించడం, రెండూ చూశాడు.

"ఆయమ్మా, నువ్వు భుజం మీద చెయ్యి వేస్తే ఎప్పుడూ ఇలాగే ఎత్తుతాడా?"

"ఎత్తుతాడు సార్. నన్ను నమ్ముతాడు."

"కమిటీ గదిలో కూడా వెయ్యి. నేను కళ్ళజోడు తీసినప్పుడు వేస్తే చాలు."

"అక్కడ చొక్కా ఏముంటుందండీ తొడగడానికి?"

మేనల్లుడు నవ్వాడు. "మామయ్య మనసులో ఏముందో నాకు తెలుసు. నోరు పెగలక ఆయన చెప్పలేకపోతున్నాడు, అంతే. నువ్వు సాయం చేస్తున్నావనుకో."

ఆమె మనసు ఒప్పలేదు. కానీ ఆదివారాలు సెలవిచ్చే ఇల్లు మరొకటి దొరకదు. మొదట్లో ఏవో వంతెనలు, ఏవో భవనాల మరమ్మతులు. మేనల్లుడు కళ్ళజోడు తీసేవాడు, ఆమె భుజం మీద చెయ్యి వేసేది, పెద్దాయన చెయ్యి లేచేది. ఎత్తిన చెయ్యి అలాగే పెట్టుకుని చొక్కా కోసం చూసేవాడు. ఎంతకీ రాకపోయేసరికి తల తిప్పి అయోమయంగా ఆమె వంక చూసేవాడు. ఆ చూపు తప్పించుకోవడానికి ఆమె ఆ చేతిని తనే పట్టుకుని కిందికి దించేది.

చలికాలం మొదట్లో ఒకరోజు కమిటీ కూర్చుంది. కోలబల్ల చుట్టూ సీనియారిటీ వరుసన కుర్చీలు. పెద్దాయన తలాపున, పక్కన రెండో ఆయన, అలా పోగా పోగా తలుపు దగ్గర ఒక పడుచు సభ్యురాలు. ఎవరు లోపలికొచ్చినా తలుపు ఆమె కుర్చీకే తగిలేది. మాట్లాడేదీ ఆ వరుసనే. పెద్దలు ఒకరి తరవాత ఒకరు తీరిగ్గా మాట్లాడారు. కబుర్లు, ఛలోక్తులు, దగ్గులు. పడుచు సభ్యురాలు కాగితాల కట్ట ముందేసుకుని, రెండు మూడుసార్లు చెయ్యెత్తింది. "మీ వరుస రాలేదు" అన్నాడు గుమాస్తా. వరుస వచ్చేసరికి గంట మోగింది.

"ఒక్క నిమిషం. చిన్న ప్రభుత్వ సంస్థలను పెద్దవాటిలో కలిపేసే ఈ విలీనంలో ఏమేం పోతున్నాయో పేర్లన్నా చదవనివ్వండి" అందామె లేచి నిలబడి.

"సమయం అయిపోయిందమ్మా. ఓటింగు" అన్నాడు గుమాస్తా.

చేతులు లేచాయి, దిగాయి. చెరిసగం. రెండో ఆయన వద్దన్నవాళ్ళ వైపే ఉన్నాడు. గదిలో అందరూ పెద్దాయన వైపు తిరిగారు. మేనల్లుడు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయమ్మ పెద్దాయన భుజం మీద చెయ్యి వేసింది.

బయట వసారాలో పడుచు సభ్యురాలు చక్రాల కుర్చీకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆ చెయ్యి ఎవరెత్తించారమ్మా?"

"ఆయనే ఎత్తారండీ" అంది ఆయమ్మ. మేనల్లుడు కుర్చీని తనే లాక్కుని ముందుకు నెట్టాడు.

తరవాతి నెలలో ఒక ఆదివారం శరణాలయానికి వెళ్తే వార్డెనమ్మ ఆమెను పక్కకు పిలిచింది. ముఖం పీక్కుపోయి ఉంది. "మీ తమ్ముణ్ణి మీరు తీసుకెళ్ళాలమ్మా. ఇది మూసేస్తున్నారు. నా అన్నవాళ్ళు ఉన్నవాళ్ళను వాళ్ళింటికి, లేనివాళ్ళను ఎక్కడో సరిహద్దులో పెద్ద సంస్థకు పంపుతున్నారు."

"ఎవరన్నారు మూసెయ్యమని?"

"ఖర్చుల కమిటీ అట. ఒక్క ఓటు తేడా అట."

ఆయమ్మ అక్కడే బల్ల మీద కూలబడింది. ఎదురుగా తమ్ముడు ఒక తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి చూపిస్తున్నాడు. మెచ్చుకోవడానికి నోరు రాలేదు. తన కుడి అరచెయ్యిని చీర కొంగుతో తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది.

మర్నాడు మేనల్లుడి కాళ్ళ మీద పడినంత పని చేసింది. "నాకు తెలియక చేశాను సార్. మళ్ళీ ఓటు పెట్టించండి."

"అయిపోయిందమ్మా. ఒకసారి లేచిన చెయ్యి లేచినట్టే" అన్నాడతను. "అయినా నీ ఒక్కదాని తమ్ముడి కోసం దేశం ఆగుతుందా?"

వేరే దారి లేక తమ్ముణ్ణి పెద్దాయన ఇంటికే తెచ్చుకుంది. చిత్రంగా ఆ ఇద్దరికీ కుదిరింది. ఇద్దరూ హాల్లో కింద కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టేవారు. ఒకడు "అక్కా" అంటే రెండోవాడూ "అక్కా" అనేవాడు. పెద్దాయన నవ్వడం ఆమె చూసింది ఆ నాలుగు రోజులే. మేనల్లుడు చూసి మండిపడ్డాడు.

"ఇదేమన్నా సత్రమనుకున్నావా? రేపొద్దున్న ఎవరన్నా చూస్తే ఇద్దరికీ తేడా ఏమిటని అడగరూ?"

ఆ మాట అతని నోటివెంట అలా వచ్చేసింది. ఆయమ్మ తన సంచీ సర్దుకుంది. వెళ్తుంటే పెద్దాయన గుమ్మందాకా వచ్చి, "అక్కా, బడికా?" అని అడిగాడు. "ఆఁ, ఇప్పుడే వస్తా" అని అబద్ధమాడి మెట్లు దిగింది.

ఒక్క గది అద్దెకు తీసుకుని తమ్ముడితో ఉంది. వాణ్ణి ఒంటరిగా వదిలే వీల్లేదు. వదిలితే గోడకు తల బాదుకుంటాడు. పక్క ఇళ్ళ బట్టలు ఇంటికి తెచ్చుకుని ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేది.

ఈలోగా ఎన్నికలయ్యాయి. పెద్దాయన మళ్ళీ ఫొటోతోనే గెలిచాడు. కొత్త సభ మొదటిరోజున, సభాధ్యక్షుణ్ణి ఎన్నుకునేదాకా పీఠం మీద కూర్చుని అందరిచేతా ప్రమాణం చేయించే హక్కు సీనియర్‌ది. ఆ రోజున మామయ్యను పీఠం ఎక్కించకపోతే వరుసలో ఆయన పని అయిపోయిందని అందరికీ తెలిసిపోతుంది. అందుకని మేనల్లుడు తెగించాడు. టీవీలో ప్రత్యక్షంగా చూపిస్తున్నారని పక్కింటావిడ చెబితే, ఆయమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వాళ్ళింటి గుమ్మంలో నిలబడింది.

అంత పెద్ద పీఠంలో పెద్దాయన పిట్టలా ఉన్నాడు. వెనకాల ఎవరో కొత్త నర్సు. చెయ్యెత్తి సభ మొదలైనట్టు సైగ చెయ్యాలి, అంతే. నర్సు కుడి భుజం మీద చెయ్యి వేసింది. పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. మరోసారి వేసింది. ఆయన వెనక్కి తిరిగి, ఆ ముఖం చూసి, కోటు విప్పడం మొదలుపెట్టాడు. తరవాత చొక్కా బొత్తాలు. ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీల మీదుగా పాకింది. "అక్క ఏదీ? అక్కొచ్చి తొడుగుతుంది" అన్నాడు పెద్దాయన. మైకులో దేశమంతా వినిపించింది. ఎముకలు తేలిన ఛాతీ దేశమంతా చూసింది.

"అయ్యో, ఆపండి, ఎవరన్నా ఆపండి" అని ఆయమ్మ టీవీతో అంటోంది.

లేచి వెళ్ళింది రెండో ఆయనే. మెట్లెక్కడానికి ఆయనకే ఆయాసం. తన కోటు తీసి పెద్దాయన మీద కప్పి, వంగి చెవిలో ఏదో చెప్పి, చెయ్యి పట్టుకుని కిందికి నడిపించుకుంటూ వచ్చాడు. నర్సుకు అప్పగించేసి మళ్ళీ మెట్లెక్కి, ఆ పీఠం మీద కూర్చున్నాడు. ఒక జీవితమంతా ఎదురుచూసిన కుర్చీ. కూర్చున్నాక ఆయన ముఖంలో సంతోషమన్నది మచ్చుకైనా లేదు.

పెద్దాయన ఆ ఎండాకాలం దాటలేదు. ఏదో నర్సింగ్ హోమ్‌లో పెట్టారని తెలిసి ఆయమ్మ వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. పోయాడని తెలిసింది లిఫ్టాయన చెబితేనే. "మధ్యాహ్నానికి పోయాడు, సాయంత్రానికి గదులన్నీ ఒక్కో మెట్టు జరిగాయి. సామాన్లు మోసి మోసి కూలీల నడుములు పడిపోయాయి" అన్నాడు.

పడుచు సభ్యురాలు ఆమె గది వెతుక్కుంటూ వచ్చింది. ఆనాటి ఓటు మీద విచారణ అడిగానని, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలని అంది. తనకూ చుట్టుకుంటుందని ఆయమ్మకు తెలుసు. అయినా వెళ్ళింది. విచారణ చేసేది, వరుస ప్రకారం, రెండో ఆయన. ఇప్పుడు ఆయనే మొదటాయన.

"చెయ్యి లేచిందా లేదా?" అని అడిగాడాయన.

"లేచిందండీ. చొక్కా తొడుగుతాననుకుని లేచింది. ఆ భుజం మీద చెయ్యి వేసింది నేనే."

ఆ ఓటులో ఓడిపోయినవాళ్ళలో ఆయనా ఒకడు. అయినా, "చెయ్యి ఎందుకు లేచిందని నియమం అడగదమ్మా" అన్నాడు. "ఈ ఒక్కటి కొట్టేస్తే పెద్దాయన కూర్చున్న రోజుల్లో తేలినవన్నీ కొట్టెయ్యాలి. అది నావల్ల అయ్యే పని కాదు."

నిర్ణయం నిలబడింది. ముసలాయన్ని ఆడించింది ఆయానే అని మేనల్లుడు ఊరంతా చెప్పుకున్నాడు. ఆ తరవాత రోగుల సేవకు ఆమెను పిలిచిన ఇల్లు లేదు.

విచారణ అయిన రోజున, బయట మెట్ల మీద పడుచు సభ్యురాలు ఆమె చేతులు పట్టుకుంది. "నేను వదలనమ్మా. ఇంకో రెండుసార్లు గెలిస్తే నా మాటకూ వరుస వస్తుంది. అప్పుడు మళ్ళీ తెరిపిస్తాను."

"తెరిపించండమ్మా, మంచిదే" అంది ఆయమ్మ. "సరిహద్దుకు పంపినవాళ్ళలో మా తమ్ముడి పక్కమంచం అబ్బాయి చలికి పోయాడట. వార్డెనమ్మ చెప్పింది. ఇంకా ఎవరెవరు బతికున్నారో కనుక్కుని ఉంచండి."

ఆలస్యమవుతోందని, పక్కింటావిడ దగ్గర తమ్ముణ్ణి వదిలివచ్చానని చెప్పి, గబగబా బస్సు వైపు నడిచింది.