వరండాకు వచ్చిన కుట్టు క్లబ్బు

పక్కింట్లో నువ్వులు వేయిస్తున్నారు. వాళ్ళ పెద్దమ్మాయి సమర్తాడిందని పొద్దున్నే చెప్పి వెళ్ళారు. చిమ్మిలి దంచుతున్న చప్పుడు, బెల్లం వాసన మా వంటింటిదాకా వస్తున్నాయి. మలేసియా వచ్చి, ఈ క్లాంగు పట్నంలో కాపురముంటూ ఇంకా ఈ ఆచారం పట్టుకు వేళ్ళాడుతున్నారంటే నాకు నవ్వూ వస్తుంది, చిరాకూ వేస్తుంది. అయినా ఆ వాసన తగిలితే చాలు, రాహేలమ్మగారు గుర్తొస్తారు.

బాగన్ దాతుక్ అనే ఊరి దగ్గర మేము కూలికున్న కొబ్బరి ఎస్టేటు ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరుగారి భార్య ఆవిడ. భీమిలిలో చదువుకున్న క్రైస్తవురాలు. యుద్ధానికి ముందు, పంతొమ్మిది వందల ముప్పైలలో, కూలీల ఆడపిల్లల కోసం శనివారం మధ్యాహ్నాలు ఒక క్లబ్బు నడిపేవారు. కొబ్బరి ఎండబెట్టే కొట్టులో ఒక మూల మాది. అక్షరాలు, కుట్టు, కాసిన్ని పాటలు. ఎస్టేటు నడిపే తెల్లదొర భార్య, దొరసానిగారు, ఇచ్చిన కుట్టుమిషను ఒక్కటే ఉండేది. దాని ముందు కూర్చునే వంతు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. కుట్టు బాగా వస్తే ఆస్పత్రి బట్టల పని ఇప్పిస్తాననేవారు రాహేలమ్మగారు. రాకపోతే గడ్డి చెక్కే ముఠాయే గతి. ఆవిడకు ఓపిక తక్కువ. కుట్టు వంకరపోతే విప్పేసి మన చేతిలో పెట్టేవారు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే "ఏడుపు తర్వాత, ముందు దారం ఎక్కించు" అనేవారు.

అలా ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. మా వైపు తాటాకుల మీద కూర్చోబెట్టాలి. అక్కడ తాటాకులెక్కడివి, కొబ్బరాకులు పరిచి గది మూల కూర్చోబెట్టారు. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఆ రోజే క్లబ్బు సంగతి తేల్చేసింది. ఇక చాలు అనడానికి మలయ్ మాటే వాడేది ఆవిడ.

"సుడా! అయిపోనాది. కొట్టుకాడ మొగోళ్ళు కాయలు కొడతన్నారు. ఆళ్ళ ముందర్నించి ఈడొచ్చిన పిల్ల ఎల్తాదేటి?"

గడ్డి చెక్కడానికి మాత్రం తన వెంట తీసుకెళ్తుందట. ఆ లెక్క మామ్మకే తెలియాలి. మిషను మీద జాకెట్టు చెయ్యి సగం కుట్టి వదిలేసి వచ్చానని, ఇక నా బతుకంతా గడ్డిలోనేనని గోడకు తిరిగి ఏడ్చాను.

శనివారం రాహేలమ్మగారు క్లబ్బు పిల్లలందరినీ వెంటబెట్టుకుని మా గుమ్మంలో దిగారు, చేతిలో చిమ్మిలి గిన్నెతో. క్రైస్తవులు ఇలాంటి తంతుకు రారని మామ్మ ధీమా. కానీ చిమ్మిలి తెచ్చిన మనిషిని ఎవరు పొమ్మంటారు? చాప వేసింది. పిల్లలు వరండాలో కూర్చుని సూదులు తీశారు.

"పెద్దమ్మా, మీ మనవరాలు నూకాల్ని కొట్టుకి పంపొద్దు," అన్నారు రాహేలమ్మగారు. "శనివారాలు మీ వరండా మాకియ్యండి. మేమే వస్తాం."

"మరి ఆ మిషనో?" అంది మామ్మ.

"దొరసాని ఒప్పుకుంటే తెస్తాం."

దొరసాని ఒప్పుకోలేదు. బంగళాకు వచ్చే అతిథులకు చూపించాలి కనుక క్లబ్బు కొట్టులోనే ఉండాలట, కూలీల గుమ్మాల దగ్గర కాదట. మరుసటి వారానికి మిషను బంగళాకు వెళ్ళిపోయింది. నా నేస్తం సీతాలు "నీ మూలాన్నే పోనాది" అని మొహం తిప్పుకుంది. నాకూ అలాగే అనిపించింది. తల వంచుకుని, నేను మానేస్తానని రాహేలమ్మగారితో చెప్పాను. ఆవిడకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఇవాళ నువ్వు మానేస్తావు, రేపు సీతాలు పెద్దదవుతాది, అదీ మానేస్తాది. అప్పుడా మిషను తిరిగొచ్చినా నేనేం చేసుకోవాలే? కూర్చుని కుట్టు!"

లోపల నేను, వరండాలో వాళ్ళు. అందరికీ వినబడింది. సీతాలు గడప దగ్గరికి జరిగి కూర్చుంది.

చేతి కుట్టుతోనే మా ఇద్దరికీ ఆస్పత్రి దుప్పట్ల పని దొరికింది. మామ్మ దాన్ని తన గొప్పగా కూలీల ఇళ్ళ లైన్లంతా చెప్పుకుంది. మిషను కుట్టు పూర్తిగా నేర్చుకోవడానికి నాకు మరి కొన్నేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి బాధే, లేదని అబద్ధం చెప్పను.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో ఫ్యాక్టరీ పిల్లలకు కుట్టు నేర్పుతున్నాను. ఎవరైనా రావడం మానేస్తే మిగతావాళ్ళను లేవదీసుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్తాను. తలుపు తియ్యని ఇళ్ళున్నాయి, తిట్టి పంపిన తల్లులున్నారు. మొన్న ఒకామె గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది, "ఒక్క పిల్ల కోసం ఇంతమందిని తిప్పుతారేటండీ, టీచరుగారూ?"

ఒకప్పుడు ఆ ఒక్క పిల్లను నేనే.